ఎర్ర బోరు నీళ్ళని చదవడం ఎలా: ఆర్సెనిక్ ఎక్కడ జారుద్ది, ఎక్కడ చిక్కుద్ది

ఊడుపులు అయిన నెల నెలన్నరకి చేలో దిగి ఒక వరి దుబ్బు పీకండి, బోదెలో బురద పోయేదాకా కడిగి వేళ్ళు చూడండి. చుట్టూ మట్టేమో నల్లగా నీలంగా ఉంటది, వేళ్ళ మీద మాత్రం తుప్పు రంగు పూత. చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే, అదేంటని మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఈ గైడ్ మొత్తం ఆ పూత గురించే అనుకోండి, ఎందుకంటే భూమి లోపలి నీళ్ళలో ఆర్సెనిక్ కదలాలన్నా ఆగాలన్నా ఎక్కువ భాగం ఆ తుప్పు చేతిలోనే ఉంది.

ఆర్సెనిక్ అంటే కొత్తదేం కాదండీ, పెద్దోళ్ళు పాషాణం అనేది దాన్నే, పచారీ కొట్లో ఒకప్పుడు దొరికిన హరిదళం, మణిశిల కూడా ఆర్సెనిక్ రాళ్ళే. నీళ్ళలో కలిస్తే రంగు ఉండదు, వాసన ఉండదు, రుచి ఉండదు. మన గోదారి డెల్టాలో బోరు దింపగానే అడిగే మొదటి మాట ఉప్పా తీపా అని, చేతిలో పట్టి నాలిక మీద వేసుకుని చెప్పేస్తాం, సముద్రం పక్కన బతికే వాళ్ళకి ఆ లెక్క సరిపోద్ది కూడా. దీనికి మాత్రం నాలిక పనిచెయ్యదు.

భయపెట్టడానికి రాయట్లేదు ఇది. ఆర్సెనిక్ గోల పెద్దగా బయటపడింది గంగా బ్రహ్మపుత్ర డెల్టాలో, పశ్చిమ బెంగాల్లో 1983లో అరచేతుల మీద మచ్చలతో జనం డాక్టర్ల దగ్గరకి రావడంతో తెలిసింది, బంగ్లాదేశ్‌లో 1993లో. చెరువు నీళ్ళు తాగి విరోచనాలతో పిల్లలు పోతున్నారని ఊరూరా చేతిపంపులు వేస్తే ఆ పంపుల్లోనే ఇది వచ్చింది, పాపం. అక్కడి మట్టి హిమాలయాలది, మన గోదారి ఒండ్రు దక్కన్ నల్లరాతి నేలల్నీ తూర్పు కనుమల్నీ అరగదీసి తెచ్చింది, కాబట్టి అక్కడి నంబర్లు తెచ్చి కోనసీమకి అతికిస్తే తప్పు. కానీ లోపల జరిగే కెమిస్ట్రీ ఒక్కటే, కొత్త ఒండ్రు, అందులో కుళ్ళిన ఆకూ అలమూ, పైన బంకమట్టి మూత, ఈ మూడూ ఉన్న ఏ డెల్టాలో అయినా పరీక్ష చెయ్యకుండా ఉందనీ అనకూడదు, లేదనీ అనకూడదు.

ముందు అది ఎలా జారుద్దో అర్థం చేస్కోండి, ఇది తెలిస్తే మిగతా పనులన్నీ వాటంతటవే తెలుస్తాయి. ఏటి నీళ్ళలో కొట్టుకొచ్చే ఇసుక రేణువుల మీద సన్నటి తుప్పు పూత ఉంటది, ఆ పూతకి ఆర్సెనిక్ అతుక్కుని ఉంటది, అలా ఉన్నంతకాలం ఎవరికీ హాని లేదు. వరదకి ఆకులూ గడ్డీ ఆ ఇసుకతోపాటు కప్పబడి, పైన బంకమట్టి పడి, గాలి ఆడకుండా అయిపోద్ది. లోపల ఉండే బాక్టీరియా ఆ కుళ్ళు తింటది, తిన్నది అరగాలంటే ఊపిరి కావాలి కదా, ముందు ఆక్సిజన్ వాడుద్ది, అదయ్యాక నైట్రేట్, తర్వాత మాంగనీస్, పెళ్ళి బంతిలో బూరెలు అయిపోతే పులిహోర మీద పడ్డట్టు చివరికి ఇసుక మీద తుప్పు మీద పడుద్ది. ఆ తుప్పు కరిగి నీళ్ళలోకి పోద్ది, దాన్ని పట్టుకుని ఉన్న ఆర్సెనిక్ దిక్కులేనిదై అదీ నీళ్ళలోకి దిగుద్ది. ఇందులో ఇంకో మెలిక ఉంది. గాలి ఉన్నచోట ఆర్సెనిక్ ఆర్సెనేట్ అనే రూపంలో ఉంటది, దానికి విద్యుత్ ఆవేశం ఉంటది కాబట్టి తుప్పుకి గట్టిగా పట్టుకుంటది. గాలి లేనిచోట ఆర్సెనైట్ అయిపోద్ది, మామూలు నీళ్ళలో దానికి ఆవేశం ఉండదు, పట్టు తక్కువ, తేలిగ్గా జారిపోద్ది, విషం కూడా దానిదే ఎక్కువ.

చిక్కడం అంటే ఇదే వెనక్కి తిరగడం. కరిగిన ఐరన్ ఉన్న నీళ్ళకి గాలి తగిలితే ఐరన్ మళ్ళీ తుప్పయ్యి ఆర్సెనిక్‌ని పట్టుకుని కింద కూర్చుంటది. వరి వేరు చేసేదీ అదే, కాడలోంచి కిందకి గాలి పంపుకుంటది, వేరు చుట్టూ తుప్పు పట్టుద్ది, మట్టిలోంచి వచ్చే ఆర్సెనిక్ కొంత ఆ పూతలో ఆగిపోద్ది. ఏటి గట్టు వారలో భూమి లోపలి నీళ్ళు ఏట్లోకి ఊరే చోట కూడా ఇసుకలో ఇలాగే తుప్పు పొర ఏర్పడి ఆర్సెనిక్‌ని ఆపుద్ది, బంగ్లాదేశ్‌లో మేఘనా గట్టున దీన్ని చూశారు.

ఇంకో బోను కూడా ఉంది, అది నల్లది. కోరింగ మడ అడవిలో బురదలో కాలేస్తే కుళ్ళిన గుడ్డు వాసన వస్తది చూడండి, రొయ్యల చెరువు అడుగు తిరగేసినా అదే వాసన. సముద్రపు నీళ్ళలో సల్ఫేట్ బాగా ఉంటది, తుప్పు కూడా అయిపోయాక బాక్టీరియా దాని మీద పడుద్ది, ఆ వాసన గ్యాస్ వస్తది, అది ఐరన్‌తో కలిసి నల్లటి సల్ఫైడ్ అవుద్ది, ఆర్సెనిక్ కొంత అందులో బిగుసుకుపోద్ది. గాలి తగలనంత కాలం అది భద్రమే. ఆ నల్ల మట్టి తవ్వి గట్టు మీద ఆరబోస్తే బోను తలుపు తెరిచినట్టే, కాబట్టి చెరువు అడుగు మట్టి తీసుకొచ్చి తాగునీళ్ళ నుయ్యి పక్కన పొయ్యకండి.

సరే, ఇక మన బోరు దగ్గరకి వద్దాం. మొదటి పని, బోరు దింపినాయన్ని పట్టుకోండి. ఎన్ని అడుగులు, ఫిల్టర్ పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి వేశారు, మధ్యలో బంకమట్టి ఎన్ని అడుగులు తగిలింది, అన్నిటికంటే ముఖ్యం ఇసుక ఏ రంగు వచ్చింది. బోరు వేసే వాళ్ళకి ఇవి బాగా గుర్తుంటాయి, మనమే అడగం. ఇసుక బూడిద రంగులో ఉండి నల్లటి కుళ్ళు ఆకుల ముక్కలు వస్తే అది గాలి ఆడని పొర, తుప్పు కరిగిపోయిన పొర, అనుమానించాలి. పసుపు, నారింజ, ఇటుక రంగు ఇసుక అయితే తుప్పు ఇంకా రేణువుల మీదే ఉందన్నమాట, అలాంటి పొరల్లో ఆర్సెనిక్ మామూలుగా తక్కువ. బెంగాల్ వైపు బోరు మేస్త్రీలు ఈ రంగు చూసే పైపు ఎక్కడ ఆపాలో చెప్తారు. కొత్త బోరు వేయించేవాళ్ళయితే ప్రతి 10 అడుగులకీ ఒక గుప్పెడు ఇసుక తీసి ప్లాస్టిక్ కవర్లో వేసి అడుగులు రాసి పెట్టించండి, అప్పటికప్పుడు రంగు చూడండి, ఎండితే గాలికి రంగు మారిపోద్ది.

లోతుకెళ్తే మంచిదా అని అడుగుతారు అందరూ. బంగ్లాదేశ్‌లో 150 మీటర్లు దాటితే చాలా చోట్ల ఆర్సెనిక్ తగ్గిపోద్ది, అది వాళ్ళ కథ. మన తీరం వైపు లోతుకెళ్తే ఉప్పు తగలడం మామూలే కదా, కాబట్టి ఆ సలహా ఇక్కడ గుడ్డిగా పనికిరాదు. ఇసుక దిబ్బల మీద ఉన్న పాతకాలం నూతులు ఈ విషయంలో మేలే, గాలి తగులుద్ది కాబట్టి, కాకపోతే వాటికి బాక్టీరియా బెడద వేరే.

రెండో పని, ఐరన్‌ని కంటితో చూడటం. బోరు మూతి దగ్గర గాజు గ్లాసులో నీళ్ళు పట్టండి, పట్టగానే తేటగా ఉంటాయి, రాత్రి వదిలేసి పొద్దున చూడండి. అడుగున గోధుమ రంగు ముద్ద కూర్చుంటే లోపలి నీళ్ళకి గాలి లేదనీ ఐరన్ కరిగి ఉందనీ అర్థం. లీటరుకి 0.3 మిల్లీగ్రాములు దాటితేనే బట్టలకీ గచ్చుకీ మరకలు మొదలవుతాయి. గచ్చు మీద మరక ఎర్రదా నల్లదా అని కూడా చూడండి, నల్లది మాంగనీస్. నల్ల మరక ఉన్నచోట బాక్టీరియా ఇంకా తుప్పు దాకా రాలేదని అర్థం, ఎర్ర మరక కంటే నల్ల మరక దగ్గర ఆర్సెనిక్ అవకాశం తక్కువ. మురుగు కాలవల్లో నీళ్ళ మీద రంగురంగుల తెట్టు చూసి డీజిల్ అనుకుంటాం, పుల్లతో పొడవండి, అద్దంలా ముక్కలు ముక్కలు అయితే అది ఐరన్ తెట్టు, మళ్ళీ కలిసిపోతే నూనె.

అయితే ఒకటి, ఎర్ర నీళ్ళున్న ప్రతి బోరులో ఆర్సెనిక్ ఉండదు, చాలావాటిలో ఉత్త ఐరనే ఉంటది. తేటగా ఉన్నవన్నీ మంచివనీ కాదు. నీళ్ళ క్షారగుణం బాగా పెరిగితే, అంటే పీహెచ్ 8.5 దాటితే, తుప్పు కరక్కుండానే ఆర్సెనిక్‌ని వదిలేస్తది. ఫాస్ఫేట్ కూడా అంతే, ఆకారంలో ఆర్సెనేట్‌కి కవల లాంటిది, వచ్చి దాని సీటులో కూర్చుని దాన్ని లేపేస్తది. చేలో చల్లే డీఏపీ ఎరువులో ఉన్నది ఫాస్ఫేటే. రంగు చూసి అనుమానించొచ్చు గానీ తీర్పు చెప్పకూడదు, తీర్పు పరీక్షే చెప్పాలి.

శాంపిల్ పట్టడం దగ్గర నేను ఒకసారి బాగా తప్పులో కాలేశాను. మా ఇంట్లో ట్యాంకు లోపలంతా ఎర్రగా గార కట్టి ఉంటది, మంచినీళ్ళ సీసా కడిగి బోరు నీళ్ళు పట్టి నాలుగు రోజులు బల్ల మీద పెట్టి తీరిగ్గా ఒక ల్యాబ్‌కి ఇచ్చాను, రిపోర్టులో ఐరన్ దాదాపు లేనట్టే వచ్చింది. మా చిన్నాన్న అయితే, ఒరేయ్ ఆ ల్యాబోడు మన నీళ్ళు కాదు వాళ్ళ నీళ్ళు చేశాడ్రా అన్నాడు. తర్వాత తెలిసింది, నాలుగు రోజుల్లో ఐరన్ అంతా తుప్పయ్యి సీసా గోడకీ అడుక్కీ అతుక్కుంది, పైన తేటనీళ్ళు తీసి చేస్తే ఏముంటది. నీళ్ళలో ఆర్సెనిక్ కూడా ఉండి ఉంటే ఆ తుప్పు దాన్ని కూడా పట్టుకుని అడుగున కూర్చునేది, రిపోర్టు చూసి హాయిగా తాగేసేవాళ్ళం. పైన చెప్పిన బోను నా సీసాలోనే పనిచేసింది.

కాబట్టి ఇలా చెయ్యండి. ల్యాబ్ వాళ్ళనే అడిగి నైట్రిక్ ఆసిడ్ వేసిన సీసా తెచ్చుకోండి, ఆసిడ్ ఉంటే ఐరన్ తుప్పు కాకుండా కరిగే ఉంటది. ఆ సీసాని ముందు కడగకూడదు, పొంగించకూడదు, పిల్లలకి అందకూడదు. ట్యాంకు కుళాయి కాదు, బోరు మూతి దగ్గరే పట్టాలి, ఎందుకంటే ట్యాంకు కూడా పెద్ద సీసానే. మోటారు 10, 15 నిమిషాలు ఆడించి పైపులో నిలవ నీళ్ళు పోయాక పట్టండి. మీరు తాగేది ట్యాంకు కుళాయి అయితే అక్కడ ఇంకో సీసా విడిగా పట్టి పేరు రాయండి, రెండిటికీ తేడా చూస్తే మీ ట్యాంకు ఎంత పట్టుకుంటుందో కూడా తెలుస్తది. ఏడాదిలో ఒకసారి కాలవలు కట్టేశాక ఎండల్లో, ఇంకోసారి వర్షాలయ్యాక చేయిస్తే మంచిది.

జల్ జీవన్ మిషన్ కింద నీటి పరీక్ష ల్యాబ్‌లు మామూలు జనానికి కూడా తెరిచారు, గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ దగ్గర కనుక్కోండి. ఇవ్వబోయే ముందు రెండే ప్రశ్నలు, ఆర్సెనిక్ చేస్తారా, ఎంత తక్కువ దాకా మీ మిషన్ పట్టుకుంటది. మామూలు పరీక్ష ప్యాకేజీలో ఉప్పదనం, గట్టిదనం, ఫ్లోరైడ్, నైట్రేట్ చేసి పంపేస్తారు, ఆర్సెనిక్ చెయ్యమని విడిగా అడగాలి. మన దేశపు తాగునీటి ప్రమాణం లీటరుకి 0.01 మిల్లీగ్రాము, అంటే 10 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే. 1000 లీటర్ల ట్యాంకు నిండా 10 మిల్లీగ్రాములు, నాలుగైదు ఆవగింజల బరువు అనుకోండి. 50 మైక్రోగ్రాములకి తక్కువ ఉంటే పట్టుకోలేని మిషన్ మీద లేదు అని వస్తే లేనట్టు కాదు. రిపోర్టులో మిల్లీగ్రామా మైక్రోగ్రామా అన్నది రెండుసార్లు చూడండి, 0.02 మిల్లీగ్రాము అని ఉంటే ఎంత చిన్న నంబరో అనుకుంటాం, అది హద్దుకి రెట్టింపు.

ఫీల్డ్ కిట్లు కూడా ఉన్నాయి, ఊరంతా ఒకేసారి జల్లెడ పట్టడానికి బాగుంటాయి. సీసాలో నీళ్ళకి ఆసిడ్ పొడి, జింకు పొడి కలిపితే ఆర్సెనిక్ గ్యాసై పైకి లేస్తది, మూతలో ఉన్న తెల్ల కాగితం పసుపు నుంచి గోధుమకి తిరుగుద్ది, రంగు కార్డుతో పోల్చుకోవాలి. ఆ గ్యాసూ విషమే, ఆ కాగితం మీద ఉన్నది పాదరసం మందు, కాబట్టి వంటింట్లో కాదు, అరుగు మీద గాలి ఆడేచోట చెయ్యండి, కాగితం చేత్తో ముట్టకండి. 10 దగ్గర్లో కిట్ రంగు నమ్మకంగా తేలదు, రంగు కొద్దిగా తిరిగినా ల్యాబ్‌కి పంపాల్సిందే.

10 మైక్రోగ్రాములు దాటి వచ్చిందనుకోండి, మొదటి మందు నీళ్ళు మార్చడమే. పక్క వీధి బోరు పరీక్ష చేయించండి, కాలవ నీళ్ళు నింపి ఫిల్టర్ బెడ్ మీద వడకట్టి ఇచ్చే పంచాయతీ కుళాయి ఉంటే అది తాగండి. 30 గజాల దూరంలో రెండు బోర్లకి పోలికే ఉండకపోవచ్చు. స్నానానికీ బట్టలకీ ఆ బోరే వాడుకోవచ్చు, చర్మం గుండా ఎక్కేది చాలా తక్కువ. మన ఇళ్ళలో అసలు చిక్కు ఎక్కడంటే తాగడానికి టిన్ను నీళ్ళు కొంటాం, అన్నం పప్పూ మాత్రం బోరు నీళ్ళతోనే వండుతాం. అత్తెసరు పెడితే ఎసట్లో ఉన్నదంతా అన్నంలోకే ఇంకిపోద్ది. మరిగిస్తే ఆర్సెనిక్ పోదు, నీళ్ళు ఆవిరై అది ఇంకా చిక్కబడుద్ది. మంచి నీళ్ళతో ఎక్కువ ఎసరు పెట్టి గంజి వార్చే పాత పద్ధతిలో మాత్రం బియ్యంలో ఉన్న ఆర్సెనిక్ కూడా కొంత పోద్ది, మా అమ్మమ్మ గంజి వారుస్తుంటే వెక్కిరించేవాళ్ళం.

వేరే దారి లేక ఆ నీళ్ళే వాడాలంటే, వరి వేరు చేసే పనే మనం బిందెలో చెయ్యాలి. నీళ్ళని ఎత్తు నుంచి చిల్లుల పళ్ళెం మీదుగా వర్షంలా పడనివ్వండి, గాలి బాగా కలవాలి. ఆర్సెనైట్‌ని ఆర్సెనేట్ చెయ్యడానికి ఉత్త గాలి నెమ్మది, కొంచెం బ్లీచింగ్ పడితే త్వరగా అవుద్ది. తర్వాత కడిగిన ఏటి ఇసుక ఒక అడుగు మందాన పరిచిన తొట్టిలోంచి మెల్లగా దిగనివ్వండి, ఇసుక కొన్నాళ్ళకి ఎర్రబడుద్ది, ఆ ఎరుపే పనిచేసేది, కాబట్టి ప్రతివారం మొత్తం కడిగెయ్యకండి, ధార సన్నబడితే పై పొర మాత్రం గీకండి. వియత్నాంలో ఎర్ర నది ఊళ్ళలో ఇళ్ళకి ఇలాంటి ఇసుక తొట్లు ఉన్నాయి, సగటున 80 శాతం ఆర్సెనిక్ ఆగుతుందని కొలిచారు, అదీ నీళ్ళలో ఐరన్ ఆర్సెనిక్ కంటే 50 రెట్ల పైన ఉంటేనే బాగా పనిచేసింది. ఐరన్ తక్కువ ఉన్న నీళ్ళకి ఇనప మేకులు పొరగా వేస్తారు, నేపాల్లో అలా చేశారు. 100 ఉన్న నీళ్ళలో 80 శాతం పోయినా 20 మిగులుద్ది, హద్దు 10, కాబట్టి తొట్టి కట్టేశాం కదా అని కూర్చోకుండా దాని కిందనుంచి వచ్చే నీళ్ళు కూడా పరీక్షకి పంపాలి. బొగ్గు క్యాండిల్ ఫిల్టర్‌ని దీనికి నమ్ముకోవద్దు. ఆర్వో ఆర్సెనేట్‌ని బాగానే ఆపుద్ది, ఆర్సెనైట్‌ని అంతగా ఆపదు, అది వదిలే వేస్టు నీళ్ళలో ఆర్సెనిక్ చిక్కగా ఉంటది, ఆ నీళ్ళతో గేదెకి కుడితి కలపకండి.

ఇవాళ మంచిగా ఉన్న బోరు పదేళ్ళకీ మంచిగా ఉంటదా అంటే, అది చుట్టుపక్కల ఎంత తోడుతున్నారన్న దాని మీద ఉంటది. హనోయ్ పక్కన వాన్ ఫుక్ అనే ఊళ్ళో సగం ఊరి కింద నారింజ ఇసుక, మంచి నీళ్ళు, మిగతా సగం కింద బూడిద ఇసుక, ఆర్సెనిక్ నీళ్ళు. హనోయ్ సిటీ దశాబ్దాల పాటు తోడేసరికి లోపలి నీళ్ళ దారి తిరిగి బూడిద వైపు నీళ్ళు నారింజ వైపుకి లాగబడ్డాయి. నీళ్ళు 2 కిలోమీటర్ల పైనే నడిచినా ఆర్సెనిక్ మాత్రం 120 మీటర్ల చిల్లర దగ్గరే ఉంది, ఎందుకంటే దారిలో ప్రతి తుప్పు రేణువూ దాన్ని కాసేపు పట్టుకుని వదులుద్ది, నీళ్ళ కంటే 16 నుంచి 20 రెట్లు నెమ్మది. తీర్థంలో చంటిపిల్లాడిని తీసుకెళ్ళినట్టు, ప్రతి బొమ్మల కొట్టు దగ్గరా ఆగుద్ది గానీ ఆగిపోదు. మీ పక్కన చెరువులకి పెద్ద బోర్లు పడితే మీ నీళ్ళ రుచి, మరక రంగు మారుతున్నాయేమో గమనించండి, మారితే వెంటనే, మారకపోయినా రెండు మూడేళ్ళకి ఒకసారి మళ్ళీ పరీక్ష చేయించండి.

చివర్లో ఆ ఎర్ర ముద్ద సంగతి. తొట్టి పై పొర గీకినప్పుడు వచ్చేది పెంటకుప్పలో పారేస్తారు చాలామంది, సరిగ్గా అక్కడే పారెయ్యకూడదు. పేడ, కుళ్ళు, తడి, గాలి లేకపోవడం, బోరు అడుగున జరిగిందంతా పెంటకుప్పలో మళ్ళీ మొదలై పట్టుకున్నదంతా వదిలేస్తది. చెరువులోనూ బోదెలోనూ వద్దు. గోనెలో ఆరబెట్టి పోగేసి, ఇంట్లో ఎప్పుడైనా గచ్చు పని ఉంటే గ్లవ్స్ వేసుకుని సిమెంటులో కొద్దికొద్దిగా కలిపించండి, నీళ్ళ తొట్టి గచ్చుకి మాత్రం వాడొద్దు.